గోడ పక్క సందును లెక్కగట్టిన వనమాల టీచర్

కూరగాయల సంచి ఇంకా కింద పెట్టలేదు, ఫోన్ మోగింది. అవతల టీచర్ గారి సందులో ఉండే నర్సవ్వ. ఇన్నేళ్ళ పరిచయంలో ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "సార్, టీచరమ్మ గోడ దాటింది," అంది. సాత్‌వాడీలో మనిషి పోతే అలాగే అంటారు. వారం కిందటే టీచర్ గారు నన్ను ఫోన్‌లో దులిపేశారు. నా వ్యాసంలో ఒకచోట "అనేకమంది" అని రాశానట. "అనేకమంది అంటే ఎంతమంది సార్? లెక్కవెట్టిండ్రా? వెట్టకపోతే రాయకుండ్రి." ఆ గొంతు ఆగిపోయిందంటే నమ్మకం కుదరలేదు. ఆత్మ లేదనీ, పరలోకం లేదనీ, చావు ప్రకృతి ధర్మమనీ నలభై ఏళ్ళుగా వేదికల మీద బల్ల గుద్ది చెబుతున్నవాణ్ణి. ఆ ఉపన్యాసాల్లోని ఒక్క వాక్యమూ ఆ ఉదయం నాకు అక్కరకు రాలేదు.

వనమాల టీచర్ పేరు సూరత్ దాటితే ఎవరికీ తెలియదు. సూరత్‌లోనూ చాలామందికి తెలియదు. తండ్రి కరీంనగర్ వైపు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చారు. ఈవిడ ఇక్కడే చదువుకుని, ఇక్కడి తెలుగు బడిలోనే పాఠాలు చెప్పి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఇంటిపేరు అడిగితే, "బడి రిజిస్టర్ల ఉన్నది, అవసరమైతే చూసుకోండ్రి," అనేవారు. బడిలో ఏటేటా పిల్లలు తగ్గిపోతుంటే మిగతా టీచర్లు కాలం మారిందని నిట్టూర్చారు. ఈవిడ మాత్రం ఆ పిల్లలు ఎక్కడికి పోయారో చూద్దామని చేతిసంచిలో ఒక పొడుగాటి పుస్తకం పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. ఆ తిరుగుడు చివరికి ఆవిణ్ణి సాత్‌వాడీ చేర్చింది. పెన్షన్ వచ్చాక అక్కడే ఒక గది తీసుకున్నారు.

చూడని వారి కోసం సాత్‌వాడీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. కడోదరా నుంచి పల్సానా వెళ్ళే దారికి లోపలగా ఉంటుంది. నగరం పెరిగేకొద్దీ నగరం నడుమ ఉన్న శ్మశానాలకు చోటు చాలక ఒక్కొక్కటిగా ఇటు జరిగాయి. ముసల్మానుల కబ్రస్తాన్, క్రైస్తవుల తోట, గోసాయిల సమాధులు, పసిబిడ్డలను పూడ్చే దిబ్బ, చనిపోయినవారిని కాల్చకుండా పాతిపెట్టే ఆచారం ఉన్న మన తెలుగు కులాల స్థలం, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటి చుట్టూ ఒక గోడ. గోడను ఆనుకుని ఊరు. గోతులు తవ్వేవాళ్ళు, రాళ్ళ మీద పేర్లు చెక్కేవాళ్ళు, తెల్లబట్ట అమ్మేవాళ్ళు మొదట వచ్చారు. తరువాత మిల్లులు వచ్చాయి, మిల్లుల వెనక అద్దె గదులు వచ్చాయి. ఇప్పుడక్కడ ఒడియా, మరాఠీ, భోజ్‌పురి, తెలుగు ఒకే కుళాయి దగ్గర పోట్లాడుకుంటాయి. సూరత్‌లో సాత్‌వాడీ అంటే ఎవరైనా, "ఎవరు పోయారు?" అని అడుగుతారు. అక్కడ బతుకుతున్నవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఆ బతికి ఉన్నవాళ్ళ లెక్క రాయడమే టీచర్ గారి పని. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. అదంత సులువైన పనీ కాదు. గోడ పక్క సందులో మనుషులను లెక్కపెట్టనివ్వరు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో పైకి చెబితే గోడ అవతలివాళ్ళకు వినబడుతుందని భయం. అందుకని ఎవరడిగినా ఒకరిని దాచి చెబుతారు. దాచేది ఎప్పుడూ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళను, లేదా కడుపుతో ఉన్న మనిషిని. సర్కారువాళ్ళు వచ్చినా అంతే. టీచర్ గారు వాదన పెట్టుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సందులోకి వెళ్ళి, గడపల ముందు బోర్లించిన కంచాలు చూసి రాసుకునేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. ఒకావిడ, "నలుగురమే టీచరమ్మా," అంది. "నలుగురే? మరి ఐదో పళ్ళెం పిల్లి తిన్నదా?" అన్నారు ఈవిడ. ఆవిడ నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మెల్లగ టీచరమ్మా, మెల్లగ," అంది. బయటికి వచ్చాక నేను ఆ మూఢత్వం మీద మండిపడ్డాను. ఆవిడ ఎండలో నిలబడి పుస్తకంలో ఐదు అని రాసి, నా వైపు తిరిగారు. "గా పిల్లను లెక్కల దాస్తున్నరు సార్. రేపు ఆ పిల్లకేమన్నయితే, లెక్కల లేని పిల్ల పోయినా పోయినట్టు లెక్క గాదు గద. నాకు గదొక్కటే భయం."

ఆవిడ పుస్తకంలో పేరు, వయసు, మాట్లాడే భాష, పని, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ నీళ్ళు తాగుతారు అని గడులు ఉండేవి. కులం గడి లేదు. నీళ్ళ గడి ఎందుకని అడిగితే, "బళ్ళె పిల్లలకు కడుపునొప్పి వస్తే ముందుగాల అడిగేది గదే గద," అన్నారు. పేరు లేని అంకె ఒక్కటి కూడా ఆ పుస్తకంలో ఉండదు. పేర్లు లేకుండా మొత్తాలు మాత్రం ఇమ్మని ఎవరో చదువుకున్న కుర్రవాళ్ళు వచ్చి అడిగితే తరిమేశారు. ఆ నియమానికి కట్టుబడి నేనూ ఇక్కడ మొత్తాలు రాయడం లేదు.

ఆ పుస్తకం వల్ల బయటపడ్డ ఒక సంగతి చెప్పాలి. సాత్‌వాడీకి కొత్తగా వచ్చినవాడికి గది గోడ పక్కనే దొరుకుతుంది. అద్దె తక్కువ, అక్కడ ఉండడానికి పాతవాళ్ళు ఇష్టపడరు. ఏడాదో రెండేళ్ళో గడిచి కాస్త కుదురుకుంటే వాడు గోడకు దూరంగా జరుగుతాడు. ఆ ఖాళీలోకి ఇంకో కొత్తవాడు దిగుతాడు. జబ్బు చేసినవాణ్ణి రైలెక్కించి సొంత ఊరు పంపేస్తారు. వాడు అక్కడే పోతాడు, అక్కడే పాతిపెడతారు. కనుక గోడ అవతల ఊరు పట్టనన్ని సమాధులు ఉన్నా, గోడ ఇవతల జబ్బుపడ్డవాళ్ళ సమాధి ఒక్కటీ అక్కడ ఉండేది కాదు. పక్క గదిలో ఎవరుండేవారో, ఏమయ్యారో చెప్పడానికి సందులో ఎవరూ మిగలరు. శ్మశానాలకు పేరుపడ్డ ఊరు తన చావులను తానే మరిచిపోతుంది. టీచర్ గారు ఒక్కరే మరువలేదు. వెళ్ళిపోయినవాళ్ళ ఊళ్ళకు ఫోన్లు చేసి, "ఎట్లున్నడు?" అని అడిగేవారు. జవాబు విని పుస్తకం చివరి పేజీల్లో రాసుకునేవారు.

ఇక నా సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

కబ్రస్తాన్ గేటు పక్కన ఒక బోరింగు ఉంది. ఖననానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు అక్కడే కాళ్ళు కడుక్కుని నోరు పుక్కిలించాలి. గోడ పక్క సందువాళ్ళు దాని నీళ్ళే వాడుకునేవాళ్ళు. ఒక వేసవిలో ఆ నీళ్ళలో చచ్చినవాళ్ళు చేరారని పుకారు లేచింది. వాంతులు, ఒంటి మీద దద్దుర్లు. ఇక్కడ మంత్రగాణ్ణి భువా అంటారు. ఒక భువా దిగి బోరింగు పిడికి నిమ్మకాయలు కట్టి, ఇంటింటా కోడిపుంజులు పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. జనం బోరింగు మానేసి, పిల్లలను చంకనేసుకుని రోడ్డవతలి నుంచి బిందెలు మోసుకొస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. రైల్వేలో ఉద్యోగం చేస్తున్న రోజుల నుంచీ ఇలాంటివాళ్ళను తరిమికొట్టడమే నా వ్యాపకం. అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం అందరి ముందూ ఆ నీళ్ళు తాగి చూపిస్తానని ప్రకటించాను.

ముందు రోజు టీచర్ గారు అడిగారు. "సార్, జర ఆగి, నీళ్ళు ఓసారి పరీక్ష చేపిచ్చి తాగుదమా?"

నేను నవ్వాను. "పరీక్షకు పంపితే మనమే భయపడినట్టు ఉంటుంది టీచర్ గారూ."

ఈ వాక్యం నాది. ఎవరైనా నా గురించి రాయవలసి వస్తే ఈ వాక్యాన్ని వదిలిపెట్టకుండా రాయమని కోరుతున్నాను.

ఆ మధ్యాహ్నం సందంతా గేటు దగ్గర చేరింది. నర్సవ్వ ముందుకు వచ్చింది. సందులో చాలాకాలంగా ఉన్నది ఆమె ఒక్కతే. కొడుకు మల్లేశం లూముల్లో పనిచేసేవాడు. "తాగకు సార్," అంది. "గా నీళ్ళతోని వండిన అన్నం పొద్దుగూకకముందే పచ్చవడ్తది. సచ్చినోల్లు తాగి ఇడిసిన నీళ్ళు గవి." ఆమె చెప్పినవి రెండు మాటలు. మొదటిది కళ్ళతో చూసిన సంగతి. రెండోది దానికి ఆమె చెప్పుకున్న కారణం. నా చెవులకు రెండోదే వినిపించింది. నిమ్మకాయలు తెంపి అవతల పారేసి, స్టీలు గ్లాసుతో మూడు గ్లాసులు తాగాను. టీచర్ గారు నా చేతిలోంచి గ్లాసు తీసుకుని తామూ ఒకటి తాగారు. మల్లేశం అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, "సార్, మీరు మూడు గిలాసలు తాగిండ్రు. మాకు రోజుకు మూడు బిందెలు గావాలె. ఉంటరా మరి గీడనే?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నేను కూడా నవ్వాను. భువా ఆ సాయంత్రానికి ఊరు వదిలాడు. నేను ఇంటికి వచ్చి మునిసిపాలిటీ కుళాయి నీళ్ళతో మొహం కడుక్కుని, విజయగర్వంతో వ్యాసం రాశాను. సందు మళ్ళీ బోరింగుకు వచ్చింది. టీచర్ గారు కూడా, సందుతో పాటు అవే నీళ్ళు.

రెండేళ్ళకు టీచర్ గారు ఉధనాలో మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ చెప్పకుండా వచ్చే మనిషి కారు. పుస్తకం బల్ల మీద పెట్టి, చివరి పేజీలు తిప్పి, చూపుడువేలు ఒక గడి మీద పెట్టారు. పేరు తరువాత పేరు చదివాను. అందరూ రైలెక్కి వెళ్ళినవాళ్ళే. కాళ్ళవాపు, మూత్రపిండాలు, కామెర్లు. వేరు వేరు ఊళ్ళు, వేరు వేరు భాషలు. నీళ్ళ గడిలో మాత్రం ఒకటే మాట. బోరింగు. రోడ్డవతలి నీళ్ళు తాగే వీధుల పేజీలు కూడా తెరిచి చూపించారు. అక్కడ అలా లేదు.

"నేను చెప్పిన సార్, తాగొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పిన," అన్నారు. "వాళ్ళేమో, 'గా సారే తాగి చూపిండు గద, దయ్యం లేదని మీరే అంటిరి, ఇప్పుడు ఉన్నదంటరా?' అంటున్నరు. నా మాట ఇనరు. మీరే వచ్చి తప్పయిందని చెప్పాలె."

నేను చేసింది ఘోరం. ఆధారాలు చాలవన్నాను. పుస్తకంలో యాదృచ్ఛికత ఉండవచ్చన్నాను. అసలు నన్ను ఆపిన కారణం వేరు. నేను వెళ్ళి ఆ నీళ్ళు చెడ్డవని చెబితే భువా తిరిగి వస్తాడు, గెలిచానంటాడు. దయ్యాన్ని ఓడించిన నా వ్యాసం నవ్వులపాలవుతుంది. "కొంచెం ఆగుదాం," అన్నాను. ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. తరువాత అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "వాళ్ళు చెప్పిన కారణం తప్పు సార్. వాళ్ళు చెప్పిన సంగతి తప్పు గాదు. మీరు రెండూ కలిపి పారేసిండ్రు."

నేను ఆగాను. ఒక వానాకాలం గడిచింది. మల్లేశాన్ని రైలెక్కించలేదు. తల్లి ఒప్పుకోలేదు. సూరత్ ఆసుపత్రిలోనే పోయాడు. సందులోవాళ్ళలో గోడ అవతల గోయి దక్కింది అతనికే. ఆ మధ్యాహ్నం నన్ను ఉంటావా అని అడిగిన మనిషి అతను.

అప్పుడు వెళ్ళాను. బోరింగు పక్కన నిలబడి, తప్పు చెప్పానని, ఆ నీళ్ళు తాగవద్దని చెప్పాను. సభకు వచ్చినవాళ్ళు కొద్దిమందే. మొదటిసారి చూసినవాళ్ళలో చాలామంది అప్పటికే సందులో లేరు. కొత్తవాళ్ళకు నేనెవరో తెలియదు. నీళ్ళు పరీక్షకు పంపాం. తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఎందువల్ల పనికిరాకుండా పోయాయో అందులో లేదు. చుట్టూ మిల్లులు ఉన్నాయి, మురుగు ఉంది, వందల గోతులు ఉన్నాయి. తెలియనిది తెలుసని నేను మళ్ళీ చెప్పను. టీచర్ గారు బోరింగుకు ఎర్రరంగు పూయించారు. పండగకు గోడకు వెల్ల వేసినవాళ్ళు పిడికి కూడా వేసిపోయారు. మళ్ళీ ఎర్రరంగు, మళ్ళీ వెల్ల. తరువాత సందుకు నీళ్ళ ట్యాంకర్ రావడం మొదలైంది. అది వచ్చిన రోజు జనం ఆ నీళ్ళు తాగారు. రాని రోజు బోరింగు కొట్టారు.

ఆవిడ మూత్రపిండాలు చెడి రెండేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. ఆసుపత్రికి పుస్తకం పట్టుకుపోయేవారు. పక్క మంచం మీదివాళ్ళను ఏ ఊరు, ఏ నీళ్ళు అని అడిగేవారు. ఒకసారి డాక్టరు విసుక్కుంటే, "నేను మిమ్ముల జబ్బు గురించి అడుగుతలేను బాబూ, జనం గురించి అడుగుతున్న," అన్నారట. అన్ని నెలల్లో ఒక్కనాడూ ఆ గ్లాసు ప్రస్తావన తేలేదు. ఒక్కనాడు తెచ్చినా నాకు కాస్త తేలికగా ఉండేది.

తంతులు లేకుండా, మల్లేశం లాగే గోడ అవతల పాతిపెట్టమని రాసిపెట్టారు. అలాగే చేశాం. పాత విద్యార్థులు వచ్చారు. బ్యాంకుల్లో ఉన్నవాళ్ళు, టిఫిన్ బండి నడిపేవాళ్ళు, ఒక యువ డాక్టరు. మట్టి వేసి బయటికి వచ్చి, అలవాటుగా అందరూ బోరింగు వైపు నడిచారు. నేను కూడా నడిచాను. అక్కడ ఒక అమ్మాయి బిందె నింపుకుంటోంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొత్త ముఖం.

"ఆ నీళ్ళు తాగడానికా అమ్మా?" అన్నాను.

"అవు తాతా. మొన్ననే వచ్చినం. గా ఆఖరు రూమ్."

"తాగకండమ్మా. మంచివి కావు."

"ఎందుకు? దయ్యమా?" అని కిలకిలా నవ్వింది. సందులో ఎవరో అప్పుడే చెప్పి ఉంటారు.

పరీక్ష కాగితం గురించి చెప్పాలని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఆమె పిడి కొడుతూనే ఉంది. అప్పుడు నా వెనక నుంచి నర్సవ్వ వచ్చింది. మల్లేశం తల్లి. "అవు బిడ్డా, దయ్యమే," అంది. "నా కొడుకును తిన్నది. టీచరమ్మను తిన్నది. గిప్పుడే పాతిపెట్టొస్తున్నం, సూడు. పారవొయ్యి."

ఆ అమ్మాయి పిడి వదిలేసింది. బిందె గబుక్కున వంచేసింది. నీళ్ళు మా అందరి కాళ్ళ మధ్య నుంచి పారాయి.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "చెప్పుండ్రి సార్. లేదని చెప్పుండ్రి."

నేను చెప్పలేదు. జీవితంలో మొదటిసారి నా ఎదుట ఒకరు దయ్యం ఉందంటే మాట్లాడకుండా నిలబడ్డాను. దీన్ని పాఠకులు ఏమనుకున్నా సరే. అయితే ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ రోజు ఆ బిందెను ఆపింది భయం. భయానికి జ్ఞాపకం ఉండదు. రేపు ఇంకో నిమ్మకాయలవాడు వస్తాడు, వాణ్ణి తరమడానికి ఇంకో నాలాంటివాడు గ్లాసు పట్టుకుని వస్తాడు. ఆ ఇద్దరినీ నిలబెట్టి, పేరు చూపించి, గడి చూపించి, "ఇది చదివి మాట్లాడండ్రి," అనగలిగిన మనిషి ఈ నగరంలో ఒక్కరే ఉండేవారు. తెలుగువాళ్ళ సంఘాలున్నాయి, భవనాలున్నాయి, దండలకు లోటు లేదు. మధ్యాహ్నం ఎండలో వంగి కంచాలు లెక్కపెట్టే మనిషిని ఎక్కడి నుంచి తెస్తాం?

పుస్తకం నాకిమ్మని చెప్పారట. ఆవిడ గదిలో, ఆవిడ కుర్చీలోనే కూర్చుని తెరిచాను. సందు పేజీల చివరన తమ గది పేజీ కూడా రాసుకున్నారు. మనుషులు ఒకరు, భాష తెలుగు, నీళ్ళు బోరింగు అని రాసి, సందుకు తాగవద్దని చెప్పిన నెల నుంచి దాన్ని కొట్టేశారు. చివరి పేజీల్లో తమ పేరు కూడా ముందే రాసి ఉంచారు. తేదీ ఖాళీ. కారణం ఖాళీ. ఆ గడి పక్కన పెన్సిల్‌తో, బడిపిల్లల కాపీలు దిద్దే ఆ గుండ్రటి అక్షరాలతో నాకు ఒక చీటీ.

"సార్, నాకు షుగరు ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. డాక్టర్లు రెండు తీర్లు చెప్తున్నారు. తెలిస్తే రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి. దేవుడని రాయకండి. నా మీద ప్రేమతో నీళ్ళు అని కూడా రాయకండి."

తేదీ వేశాను. కారణం గడి ముందు పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. నీళ్ళు అని రాస్తే నాకు శిక్ష పడ్డట్టు ఉండేది, ఆ శిక్ష హాయిగా కూడా ఉండేది. రాయలేదు. "తెలియదు" అని రాశాను. నేను రాసిన లక్ష మాటల్లో ఆవిడ దిద్దకుండా వదిలేది ఆ ఒక్కదాన్నే అనుకుంటాను.

పుస్తకం మూసి లేచేసరికి, కిటికీ అవతల ఎవరో బోరింగు కొట్టడం మొదలుపెట్టారు.